జీతం రాని రిపేరు పని మా అమ్మాయికి ఉద్యోగం తెస్తుందా?

ప్రశ్న: నేను గుంతకల్లు లోకో షెడ్డులో పనిచేస్తాను. మా అమ్మాయి అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏడాదిగా గిట్‌హబ్‌లో ఏదో పైథాన్ టూల్‌కు పనిచేస్తోంది. కొత్తగా ఏం తయారు చేస్తున్నావని అడిగితే, తయారు చేయడం లేదు, టెస్టులు సరిచేస్తున్నా, బిల్డు ఆగిపోతే చూస్తున్నా, పాత లైబ్రరీలు మారుస్తున్నా అంటుంది. రూపాయి రాదు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటుంది. మా బావమరిది కొడుకు బెంగళూరులో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. వేసవికి ఈమెనూ పంపుదామంటే రానంటోంది. అది క్లర్కు పని, దానికి ఉద్యోగం ఎవరిస్తారని బంధువులు అంటున్నారు. మాన్పించాలా?

జవాబు: మాన్పించొద్దండి. కానీ ఈ పని ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని మీరూ అనుకోవద్దు, మీ అమ్మాయినీ అనుకోనివ్వద్దు.

ముందు ఆమె రాత్రిళ్లు ఏం చేస్తోందో చెబుతాను. పైథాన్ ఒక ప్రోగ్రామింగ్ భాష, గిట్‌హబ్ అంటే ఎక్కడెక్కడి వాళ్లో కోడ్ పెట్టుకుని కలిసి పనిచేసే వెబ్‌సైటు. ఈ రోజుల్లో ఏ టూల్ అయినా ఎవరో రాసిపెట్టిన కోడ్ మీద, అంటే లైబ్రరీల మీద నడుస్తుంది. ఆ లైబ్రరీలు ఇంకెవరో రాసిన వాటి మీద నడుస్తాయి. వీటినే డిపెండెన్సీలంటారు. కింద ఒకటి మారితే పైన ఏది ఆగిపోతుందో ముందుగా తెలియదు. అందుకే ఎవరు ఏ చిన్న మార్పు పంపినా, సర్వర్‌లో కొత్త మిషన్ మీద టూల్‌ను మొదటినుంచి బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే రూపంలోకి తెచ్చి), వందల టెస్టులు నడిపిస్తారు. అన్నీ పాసైతే పచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎరుపు. షెడ్డులో పరీక్షించకుండా ఇంజన్‌ను లైను మీదికి పంపరు కదా, ఇక్కడా అంతే.

పైథాన్‌కు ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది. 2023లో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే పాత మాడ్యూల్‌ను (కోడ్ భాగాన్ని) తీసేశారు. ఇరవై ఏళ్లకు పైగా పైథాన్‌తో పాటే వచ్చిన మాడ్యూల్ అది. అప్పటిదాకా పచ్చగా ఉన్న ఎన్నో ప్రాజెక్టుల్లో ఎర్ర గుర్తులు పడ్డాయి. ఇలాంటి చోట మీ అమ్మాయి పని ఎలా ఉంటుందో చూడండి. సర్వర్‌లో 'డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదు' అని ఎర్రర్. ఆమె ల్యాప్‌టాప్‌లో అదే వెర్షన్ మీద అదే కోడ్ హాయిగా నడుస్తుంది. ఎందుకు? ఆమె దగ్గర సెటప్‌టూల్స్ అనే ఇంకో లైబ్రరీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంది, దాని లోపల డిస్ట్‌యుటిల్స్‌కు ఒక నకలు ఉంటుంది. సర్వర్‌లోని కొత్త మిషన్‌లో అది లేదు. ఇంకా వెతికితే, దాన్ని వాడుతున్నది టూల్ కూడా కాదు, టూల్ వాడే ఒక లైబ్రరీ. ఆ లైబ్రరీ కొత్త వెర్షన్‌కు మారదామంటే అది పాత పైథాన్ 3.7 మీద నడవదు, ఇంకా 3.7 వాడుతున్నవాళ్లు గొడవ చేస్తారు. పోనీ సెటప్‌టూల్స్‌ను కూడా డిపెండెన్సీగా చేరిస్తే ఇవాళ్టికి గడుస్తుంది, కానీ మోయాల్సింది ఇంకొకటి పెరుగుతుంది. చివరికి మారేది రెండు లైన్లే కావచ్చు. ఆ రెండు లైన్లే ఎందుకో మెయింటెయినర్, అంటే ఆ టూల్ బాధ్యత చూసే మనిషి, ఒప్పుకునేలా రాయాలి. ఇది క్లర్కు పనా?

ఇంకో రకం ఉంది, రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదున్నర దాకా మాత్రమే ఫెయిలయ్యే టెస్టు. టూల్ మన టైము ప్రకారం తేదీ తీసుకుంటుంది, టెస్టు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం చూస్తుంది. మనం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంటాం కాబట్టి ఆ వేళల్లో ఇక్కడ తేదీ మారిపోయి ఉంటుంది, అక్కడ ఇంకా నిన్నే. సర్వర్లు మామూలుగా యూటీసీలోనే ఉంటాయి గనుక వాటికి ఈ తేడా ఎప్పటికీ కనపడదు. అనంతపురంలో ఒంటిగంటకు మేలుకున్న పిల్లకే దొరుకుతుంది. (మేలుకోమని నేను చెప్పినట్టు ఆమెకు చెప్పకండి.)

ఈ పనిని అందరూ తేలిగ్గా చూస్తే ఏమవుతుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో విరివిగా వాడే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్‌ను చాలా కాలం ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. సాయం చేస్తానంటూ ఒక మారుపేరుతో చేరిన వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఎక్కడ దాచాడంటే, టెస్టుల కోసం పెట్టిన ఫైళ్లలో. దాన్ని బయటికి తీసి కలిపింది బిల్డ్ స్క్రిప్టు. ఆ టూల్ మీద డిపెండెన్సీ ఉండటం వల్ల ఎన్నో సర్వర్ల లాగిన్‌కే ముప్పు వచ్చింది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన మిషన్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే ఇదంతా బయటపడింది. టెస్టులు, బిల్డు, డిపెండెన్సీలు, మూడూ ఒకే కేసులో ఉన్నాయి. మీ బావమరిదికి ఈ సంగతి చెప్పండి.

ఈ అనుభవం ఉన్నవాళ్లను కంపెనీల్లో బిల్డ్ అండ్ రిలీజ్ ఇంజనీర్, డెవాప్స్, టెస్ట్ ఆటోమేషన్, సాఫ్ట్‌వేర్ సప్లై చెయిన్ సెక్యూరిటీ లాంటి పేర్లతో తీసుకుంటారు. అసలు ఏ ఉద్యోగంలో చేరినా ఫ్రెషర్‌కు మొదట ఇచ్చేది ఇంకొకరు రాసిన పాత కోడే. కాలేజీ ప్రాజెక్టుల్లో ఈ అలవాటు రాదు, అక్కడ అంతా కొత్తగా మొదలుపెట్టి, డెమో రోజు నడిస్తే చాలంటారు.

ఇక చేదు మాట. క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు తొలి వడపోతలో గిట్‌హబ్ చూడవు. మార్కుల శాతం, బ్యాక్‌లాగ్స్, ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టు, ఇవే చూస్తాయి. ఎంత మంచి పని చేసినా ఒక సబ్జెక్టు మిగిలిపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకే రోజూ ఒక గంట ఆప్టిట్యూడ్‌కూ డేటా స్ట్రక్చర్స్‌కూ ఇవ్వమనండి. టూల్ పని వారానికి ఇన్ని గంటలని ఆమే పెట్టుకోవాలి. ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ఇలాంటి ప్రాజెక్టుల్లో, పని ఎప్పటికీ అయిపోదు, పరీక్షల వారంలో కూడా ఎవరో ఒకరు 'ఇది ఎప్పుడు సరిచేస్తారు' అని అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్లకు ఆమె ఏమీ బాకీ లేదు. 'పరీక్షలున్నాయి, రెండు వారాలు చూడలేను' అని ఒక్క లైను రాస్తే చాలు, ఎవరూ తప్పుపట్టరు.

రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్' అని ఒక ముక్క రాసి ఊరుకుంటే లాభం లేదు. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో ఇచ్చే టీషర్టు కోసం వేలమంది రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టు పరిచయంలో) ఒక మాట మార్చి పంపితే, మెయింటెయినర్లు తలలు పట్టుకున్నారు, నిర్వాహకులు నియమాలే మార్చాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. కాబట్టి తాను సరిచేసిన వాటిలో బాగా కష్టపెట్టిన రెండింటిని ఎంచుకుని, ఏం ఆగిపోయింది, కారణం ఎలా పట్టుకుంది, వేరే దారులు ఎందుకు వద్దనుకుంది, అన్నీ ఐదు నిమిషాల్లో చెప్పేలా ప్రాక్టీసు చేయమనండి. తెలుగులో మీకే చెప్పమనండి ముందు. షెడ్డులో లోపాలు పట్టే మనిషి మీరు, ఎక్కడ తడబడుతోందో మీకు తెలిసిపోతుంది.

రూపాయి రాదన్నారు. పూర్తిగా నిజం కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, 18 ఏళ్లు నిండినవాళ్లు అప్లై చేయొచ్చు, ఎంపికై పని పూర్తిచేస్తే స్టైపెండ్ ఇస్తారు. అదే ప్రాజెక్టులో ముందు నుంచి పనిచేసినవాళ్లకు అక్కడ మొగ్గు ఉంటుంది. ఇలాంటివే ఔట్‌రీచీ, లినక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటార్‌షిప్ కూడా చూడమనండి. వీటిలో దేనికీ ఫీజు ఉండదు. సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండని ఫోన్ వస్తే పెట్టేయండి. పోటీ గట్టిది, రాకపోతే నిరాశపడొద్దని కూడా ముందే చెప్పండి.

బెంగళూరు కోర్సు సంగతి. బావమరిది కొడుకుకు అది పనికొచ్చింది, మంచిదే. అతనికి చేతిలో పని లేదు, కోర్సు ఇచ్చింది. మీ అమ్మాయికి పని చేతిలోనే ఉంది. ఈ వేసవికి ఇంట్లోనే ఉండనివ్వండి. ఆ టూల్‌లో చేసే పనిని ఇంటర్న్‌షిప్ కింద లెక్కిస్తారేమో, మెయింటెయినర్ దగ్గర ఎలాంటి లెటర్ కావాలో హెచ్‌ఓడీని ఇప్పుడే అడగమనండి, సెలవులయ్యాక అడిగితే కుదరదంటారు. కోర్సుకు కడదామనుకున్న డబ్బులో కొంత ల్యాప్‌టాప్‌కు పెట్టండి. 8 జీబీ ర్యామ్ అయితే టెస్టులన్నీ ఒకేసారి నడిపితే ఇబ్బందే, 16కు పెంచించండి. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు, షాపుకు వెళ్లేముందు మోడల్ నంబర్ చెప్పి కనుక్కోండి.