‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ రెండుసార్లు చూసినా అర్థం కాలేదన్నారు కదా

పేర్లు ఎక్కువై కాదు, ఏ సీన్ గతమో ఏది ఇప్పటిదో తెలియకే తికమక పడుతున్నారు. 2011లో వచ్చిన ఈ గూఢచారి సినిమా గతంలోకి చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది.

1. కథానాయకుడైన బ్రిటిష్ గూఢచారి స్మైలీ కళ్లద్దాలు గమనించండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. ఉద్యోగం పోయాక, సినిమా మొదట్లోనే కళ్లు పరీక్ష చేయించుకుని కొత్త ఫ్రేమ్ తీసుకుంటాడు. ఇందులో కథేముందిలే అనుకుంటాం. అక్కడే ఉంది. ఆ తర్వాత ఎప్పుడైనా పాత ఫ్రేమ్ కనిపిస్తే అది గతం, కొత్తదైతే ఇప్పుడు జరుగుతున్నది.

2. స్మైలీ లేని సీన్‌లో అతని పాత బాస్ (అందరూ ‘కంట్రోల్’ అని పిలిచే గూఢచారి సంస్థ అధిపతి) బతికి ఉన్నాడా చూడండి. ఉంటే గతమే. క్రిస్మస్ పార్టీ కూడా గతమే.

3. చదరంగం పావుల మీద ఫొటోలు అంటించి ఉన్న సీన్ దగ్గర ఆపి ఐదు పేర్లూ రాసుకోండి. సంస్థలో దాగిన ద్రోహి ఎవరన్న ప్రశ్నలో అనుమానితులు ఆ ఐదుగురే, వాళ్లలో స్మైలీ కూడా ఒకడు.

అప్పటికీ అందకపోతే ఇదే కథతో 1979లో బీబీసీ తీసిన ఏడు ఎపిసోడ్ల సిరీస్ ముందు చూడండి, అది నిదానంగా విప్పుతుంది. నాకు మాత్రం సినిమాయే ఎక్కువ ఇష్టం, ఆ కళ్లద్దాల కోసమే మూడోసారి చూశాను.