రొయ్య సైజు పెరిగితే గుడ్లు ఎన్ని రెట్లు?

ప్రశ్న: పెద్ద రొయ్యలు, పీతలు ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటాయి కదా. గుడ్లు కూడా అదే లెక్కన పెరుగుతాయా? గుడ్లను లెక్కపెట్టేదెలా?

జవాబు: రెండింటి లెక్కా ఒకటి కాదు. బరువు 10 రెట్లైతే ఆక్సిజన్ వాడకం సుమారు 5.6 రెట్లే అవుతుంది. అంటే గ్రాముకు పడే ఖర్చు పెద్ద జీవిలోనే తక్కువ. గుడ్లకు అడ్డు మాత్రం చోటు. గట్టి పెంకు సాగదు కాబట్టి అండాశయం లోపల ఉన్న ఖాళీ మేరకే పెరగాలి. ఆకారం మారకుండా పొడవు రెట్టింపైతే ఆ ఖాళీ 8 రెట్లవుతుంది. అందుకే ఒకే జాతిలో, గుడ్డు సైజు మారనంతవరకు, గుడ్ల సంఖ్య దాదాపు బరువును బట్టే పెరుగుతుంది. చాలా పీతల్లో ఒక విడత గుడ్ల బరువు తల్లి బరువులో 10 శాతం దగ్గర ఉంటుంది.

లెక్కకు అప్పుడే పెట్టిన గుడ్లనే తీసుకోండి, ఇది ముఖ్యం. పిండం ఎదిగేకొద్దీ గుడ్లు నీరు పీల్చి ఉబ్బుతాయి, కొన్ని రాలిపోతాయి. బరువు ఎక్కువ, సంఖ్య తక్కువ వస్తుంది. తల్లి పొట్ట కింద మోసే గుడ్ల ముద్దను అద్దుడు కాగితంపై తడి ఆర్చి తూచండి. వేర్వేరు చోట్ల నుంచి మూడు చిన్న ముక్కలు తీసి, తూచి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి, గ్రాముకు వచ్చే గుడ్ల సగటును ముద్ద మొత్తం బరువుతో హెచ్చించండి. సైజుతో పోల్చేందుకు రొయ్య పొడవును తల ముందున్న కొమ్ము నుంచి కొలవకండి, అది తరచూ విరిగి ఉంటుంది. కంటిగుంట వెనక అంచు నుంచి తలపెంకు చివరిదాకా కొలవాలి.