సమాధానం: కానుగ పేరులో బ్రాకెట్ ఎక్కడ?

బెంగళూరు కాలేజీ హెర్బేరియం షీట్ (ఎండబెట్టిన మొక్క అతికించిన కాగితం) మీద కానుగ శాస్త్రీయ నామం, పక్కన ఆ పేరు పెట్టిన రచయిత పేరు కలిపి "మిల్లెటియా పిన్నేటా ఎల్." అని రాశానన్నారు కదా, తప్పు అక్కడే. ఎల్. అంటే లిన్నేయస్. లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు సైటిసస్ పిన్నేటస్. ప్రజాతి (పేరులో మొదటి పదం) మారింది కాబట్టి ఆయన బ్రాకెట్‌లోకి వెళ్తారు, మార్చినవారు బయట ఉంటారు.

1. ఐపీఎన్ఐ (మొక్కల శాస్త్రీయ నామాల అంతర్జాతీయ సూచిక) సైట్‌లో పేరు వెతికి, దాని మూల నామం (ఇప్పటి పేరుకు ఆధారమైన తొలి పేరు) చూడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రజాతి మార్చినప్పుడల్లా బయటి పేరు కూడా మార్చాలి.
పొంగామియా పిన్నేటా అయితే (ఎల్.) పియర్
మిల్లెటియా పిన్నేటా అయితే (ఎల్.) పాణిగ్రాహి
పాత లేబుల్‌లో ప్రజాతి ఒక్కటే కొట్టేసి కొత్తది రాస్తే పియర్ అలాగే మిగిలిపోతారు. చూసేవాళ్లు ముందు పట్టుకునేది దాన్నే.

3. జాతి పదం (పేరులో రెండో పదం) కూడా కొత్తదైతే బ్రాకెట్ ఉండదు. వేపకు లిన్నేయస్ పెట్టింది మీలియా అజాడిరాక్టా. ఇప్పటి అజాడిరాక్టా ఇండికా పక్కన ఎ.జస్. (ఆడ్రియన్ డి జస్యూ) ఒక్కరే.

4. మీ రెండో షీట్, తెల్లమద్ది: టెర్మినేలియా అర్జున (రాక్స్‌బ్. ఎక్స్ డీసీ.) వైట్ & ఆర్న్. ఇందులో కుదించినవి రాక్స్‌బర్గ్, డీ కాండోల్ (డీసీ), ఆర్నాట్ పేర్లు. "ఎక్స్" (ముందున్నవారు సూచించిన పేరును తర్వాతివారు ప్రచురించారని గుర్తు) ఉన్నచోట కుదించాలంటే రాక్స్‌బర్గ్‌ని తీసేయండి, డీసీని కాదు. పేరును సక్రమంగా ప్రచురించింది డీసీ. పెద్దాయన కదా అని రాక్స్‌బర్గ్‌ని ఉంచేస్తుంటారు.

రోమన్ లిపిలో మొక్క పేరు ఇటాలిక్, రచయిత పేరు మామూలు అక్షరాల్లో. కుదించిన పేరుకే చుక్క: ఆర్న్.కి ఉంటుంది, వైట్‌కి ఉండదు.