కరోనా ఏడాది నేర్పినదాంట్లో ఆరో తరగతి లెక్కలకు ఏది ఉంచుకోవాలి?

మీ ప్రశ్న: జెడ్పీ హైస్కూల్, ఆరో తరగతిలో 40 మంది, 45 నిమిషాల పీరియడ్. కరోనా తర్వాత పిల్లల స్థాయి చూసి చెప్పే అలవాటు సిలబస్ హడావుడిలో జారిపోతోంది, ఏది ఉంచుకోవాలి అని.

టీవీ పాఠాల సంగతి వదిలేయండి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో తరగతి మొత్తానికీ ఒకే పాఠం వెళ్లింది. ఏ పిల్లాడికి ఎక్కడ తెగిందో చెప్పేవాడికి తెలిసే దారి లేదు. బడి తెరిచాక ఒక్కొక్కరినీ పిలిచి ఏం వచ్చో చూశారు కదా, ఉంచుకోవాల్సింది అదే.

దీనికి పేపరు పెట్టకండి, పక్కవాడిది చూసి రాసేస్తారు. మిగతావాళ్లకు రాతపని ఇచ్చి రోజుకు ఎనిమిది మందిని మీ బల్ల దగ్గరికి పిలవండి. మనిషికి మూడు నిమిషాలు చాలు: రెండంకెల సంఖ్య చదివించడం, ఒక తీసివేత, ఒక భాగహారం. ఐదు రోజుల్లో తరగతి మొత్తం అయిపోతుంది.

అయితే ఏ లెక్క ఇస్తున్నారో చూసుకోండి. 52−37 ఇస్తే తప్పు చేసినవాళ్లలో ఎక్కువమంది 25 అంటారు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసేవాడికీ 25 వస్తుంది, అప్పు తెచ్చి పదుల్లో తగ్గించడం మరిచినవాడికీ 25 వస్తుంది. ఒకట్ల స్థానంలో తేడా 5 ఉండటమే కారణం. 54−28 ఇవ్వండి: మొదటివాడు 34 అంటాడు, రెండోవాడు 36. అలాగే భాగహారంలో మొదటిసారే 612÷6 వద్దు. జవాబు 12 అంటే భాగహారమే రాదో, మధ్యలో సున్నా మరిచాడో తేలదు.

36 అన్నవాడికి 5 కొట్టేసి పైన 4 వేసే అలవాటు చేయిస్తే చాలు, నాలుగు రోజుల పని. 34 అన్నవాడికి చీపురు పుల్లలు కావాలి: పదేసి చొప్పున ఐదు కట్టలు, విడిగా నాలుగు. "ఇరవై ఎనిమిది తీసి ఇవ్వు" అని ఊరుకోండి. కట్ట వాడే విప్పాలి, మీరు విప్పకండి. పుల్లలతో సరిగ్గా చేసి నోటుబుక్కులో మళ్లీ 34 రాసేవాళ్లుంటారు. అందుకే కట్ట విప్పగానే, అప్పటికప్పుడే పుస్తకంలో 5 కొట్టించి 4 వేయించాలి.

వీలుంటే ఆరు, ఏడు తరగతుల లెక్కల పీరియడ్ ఒకే సమయంలో వేయమని హెచ్‌ఎంను అడగండి. వారానికి రెండు రోజులు తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి ఇద్దరు టీచర్లూ పంచుకోవచ్చు. కుదరకపోతే మీ పీరియడ్‌లోనే మొదటి 15 నిమిషాలు కేటాయించుకోండి. మూడు వారాలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చకపోతే అది "మొద్దు బ్యాచ్" అని పేరు పడిపోతుంది, తర్వాత ఆ పిల్లలు నోరు విప్పరు.

సిలబస్ వెనకబడిందని తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 24లో సిలబస్ గడువులోగా పూర్తిచేయాలని ఉంది, ప్రతి పిల్లాడి స్థాయి చూసి అవసరమైతే అదనంగా చెప్పాలనీ ఉంది. రెండోది ఎవరూ గుర్తుచేయరు లెండి. పిల్లల పేర్లు, వాళ్లు రాసిన తప్పు జవాబు, తేదీ ఒక నోటుబుక్కులో ఉంచితే చూపించడానికి అదే ఆధారం.

తల్లిదండ్రులకు ఫోన్లు కూడా మానకండి. కూలికి వెళ్లే ఇళ్లకు పగలు చేస్తే దొరకరు, రాత్రి ఏడు దాటాక చేయండి. వాట్సాప్‌లో రాసి పంపేకంటే అర నిమిషం వాయిస్ మెసేజ్ నయం, చదవడం రానివాళ్లూ వింటారు. మొదటి ఫోన్ మాత్రం ఫిర్యాదుతో మొదలుపెట్టకండి, రెండోసారి ఎత్తరు.