హెడ్ విప్పే ముందు చెక్క ముక్క

ప్రశ్న: నా 1972 డాట్సన్ 240జడ్ కారుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) మార్చాలి. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ చైన్ లోపలికి జారిపోకుండా ఎలా ఆపాలి?
– ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: మీరు భయపడవలసింది చైన్ జారడం గురించి కాదు, చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ గురించి. క్యామ్‌షాఫ్ట్ కొసన ఉండే పళ్ల చక్రాన్ని, అంటే స్ప్రాకెట్‌ను, విప్పగానే చైన్ వదులై, స్ప్రింగు తోపుకు టెన్షనర్ పిస్టన్ బయటికి ఊడివస్తుంది. అప్పుడు రేడియేటర్, క్రాంక్ పుల్లీ, ముందు కవర్ అన్నీ విప్పక తప్పదు. కాబట్టి మొదటి సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ (మిశ్రమాన్ని నొక్కే దశ) పై కొసకు తెచ్చి, చైన్ లింకు మీద, దానికి ఎదురుగా ఉన్న స్ప్రాకెట్ పన్ను మీద తెల్ల పెయింటు చుక్కలు పెట్టి, కిందికి సన్నబడేలా చెక్కిన గట్టి చెక్క ముక్కను చైన్ రెండు పాయల మధ్య బిగుతుగా దిగగొట్టండి. పైకి లాగడానికి దానికి ముందే తీగ కట్టి ఉంచండి. ఆ తీగ లేక అవస్థ పడినవారిలో నేనూ ఒకణ్ణి. హెడ్‌ను ముందు కవర్‌కు కలిపే రెండు చిన్న బోల్టులను చాలామంది మరచిపోతారు. అవి తీయకుండా హెడ్ ఎత్తవద్దు. తిరిగి బిగించి, చెక్క తీశాక, ఇంజన్‌ను స్పానర్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడండి. అప్పుడు పెయింటు చుక్కలు కలవకపోవడం సహజమే. స్ప్రాకెట్ గాటు, దాని వెనుక పలక మీది గీతతో సరిపోతే చాలు.