మైనస్ దగ్గర ఆగిపోయిన పద్నాలుగు మంది

ప్రశ్న: గుంటూరులో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పదో తరగతిలో 42 మంది ఉంటే అందులో 14 మందికి వర్గ సమీకరణాలు దేవుడెరుగు, భిన్నాల కూడికే రాదు. వాళ్ళని వేరే గదిలో కూర్చోబెట్టి మోడల్ పేపర్లు రాయించమని తోటివాళ్ళు అంటున్నారు. పొద్దున్న 7 గంటలకు స్పెషల్ క్లాసు పెడితే, రావాల్సినవాళ్ళు తప్ప మిగతావాళ్ళంతా వస్తున్నారు. సిలబస్ ఆపలేను. ఏం చేయమంటారు?
– ఒక టీచర్, గుంటూరు

జవాబు: ముందు ఆ 7 గంటల క్లాసు సంగతి చూద్దాం అమ్మా. రానివాళ్ళు ఆ టైముకి ఎక్కడుంటున్నారో ఒకసారి అడగండి. ఒకడు నాన్న టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడుగుతుంటాడు, ఒక పిల్ల నీళ్ళు పట్టి తమ్ముణ్ణి బడికి తయారుచేస్తుంటుంది, ఇక మిరపకాయల సీజన్ వచ్చి తల్లి పనికి పోయిందంటే ఇల్లంతా ఆ పిల్ల మీదే. అందరికీ క్లాసు పెట్టాం కదా అని మనం అనుకుంటాం గానీ, అది అందేది ఇంట్లో పని లేనివాళ్ళకే. కాబట్టి ఆ అరగంటని బడి టైములోకే తెచ్చుకోండి, స్టడీ అవర్ అయినా సరే. ఆటల పీరియడ్ మాత్రం లాక్కోకండి, రోజు మొత్తంలో వాళ్ళు నెగ్గేది ఆ ఒక్కచోటే.

ఇక 14 మంది అన్నారు, కానీ 14 మందికీ ఒకే జబ్బు ఉండదు. పది చిన్న లెక్కలతో ఒక చీటీ ఇవ్వండి. మార్కులు వేయొద్దు, ఏ తప్పు ఎలా చేశారో మాత్రం చూడండి. 1/2 + 1/3 అంటే 2/5 అని రాసినవాడు పైవి పైవి, కిందివి కిందివి కలిపాడు, వాడికి భిన్నం అంటే ఒక సంఖ్య అని ఇంకా తెలీదు, రెండు సంఖ్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయనుకుంటున్నాడు. −3 − 5 అంటే +8 అని రాసినవాడి తప్పు మాత్రం మనదే. ‘మైనస్ మైనస్ ప్లస్’ అని పాటలా చెప్పించాం, అది గుణకారానికి అని చెప్పడం మర్చిపోయాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను, ఒకరోజు ఒక పిల్లాడు ‘మీరే కదా మాస్టారూ చెప్పింది’ అనేదాకా తెలిసిరాలేదు. మూడు రూపాయలు అప్పు, మళ్ళీ అయిదు అప్పు చేస్తే చేతిలో ఎనిమిది మిగులుతాయా అని అడిగితే వాడే నవ్వి దిద్దుకున్నాడు.

ఈ చీటీలు చూశాక ఆరో తరగతి నుంచి అంతా మళ్ళీ మొదలుపెడదామనిపిస్తుంది. వద్దు, మార్చి వచ్చేస్తుంది. ఏ పాఠానికి ఏ పాతముక్క కావాలో అది మాత్రం ఆ పాఠానికి వారం ముందు చేయించండి. వర్గ సమీకరణాల ముందు ‘గుణిస్తే 12, కలిపితే −7 వచ్చే రెండు సంఖ్యలేవి’ లాంటివి, సంభావ్యత ముందు భిన్నాలు. అప్పుడు వాడు కొత్త పాఠం మొదటిరోజే చెయ్యెత్తగలడు. ఆ ఒక్క చెయ్యెత్తడం పది మోడల్ పేపర్లకంటే ఎక్కువ పనిచేస్తుంది.

వేరే గది మాట మాత్రం నాకు నచ్చలేదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్ళు ప్రాథమిక తరగతుల్లో పిల్లల్ని వయసుని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి చెప్తారు, అది మంచి పద్ధతే, అయితే అది రోజులో కొంతసేపే, పిల్లవాడికి వచ్చేకొద్దీ గుంపు మారుతుంది. మన దగ్గర ఒకసారి ‘సి గ్రేడ్’ అని పేరు పడితే టెన్త్ అయ్యేదాకా అదే గది, అదే పేరు. అరగంట విడిగా చెప్పండి, మిగతా పీరియడ్లన్నీ కలిపే కూర్చోబెట్టండి. జనవరి తర్వాత మోడల్ పేపర్లూ రాయించాలి, 100కి 35 రావాలి కదా, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

ఇంకోటి. వారంపాటు బెంచీల బొమ్మ గీసుకుని, మీరు ఎవరిని ప్రశ్న అడిగితే అక్కడ టిక్కు పెట్టుకోండి. అన్ని టిక్కులూ ముందు బెంచీల మీదే పడతాయి, నావీ అలాగే పడ్డాయి. అడిగాక కూడా మనం ఆగం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో చూస్తే, టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకనే, దాన్ని మూడు సెకన్లు చేస్తే మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. పైసా ఖర్చు లేదు, మనకి ఓపికే కావాలి.

మీ క్లాసులో మిర్చి యార్డు హమాలీల పిల్లలు ఉండే ఉంటారు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 45 కిలోలు, క్వింటా 12,000 అయితే టిక్కీ ఎంత అని నోటితో అడిగి చూడండి. కిలో 120, మొత్తం 5,400 అని చెప్పే పిల్లాడే అదే లెక్క బోర్డు మీద ఇంగ్లిష్‌లో కనిపిస్తే తల దించుకుంటాడు. ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరాల్లో లెక్క తప్పనివాళ్ళు బడి లెక్కల్లో తడబడ్డారు, బడి పిల్లలేమో బేరాల్లో తడబడ్డారు. కాబట్టి వాడు నోటితో చెప్పిన మెట్లనే బోర్డు మీద రాసి, నువ్వు చేసింది ఇదేరా అని చూపించండి. పుస్తకంలో పక్క పేజీలో తెలుగు ఉంది, చదువుకోనివ్వండి, అది తప్పేం కాదు.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ప్రైవేటు స్కూలు. లెక్కల్లో మార్కులు తగ్గాయని చివరి సెక్షన్‌లో వేశారు. ట్యూషన్ రెండు గంటలు చేశాం, ఇంకా భయపడుతున్నాడు.
– ఒక తల్లి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: రెండు గంటల ట్యూషన్‌లో కూడా ఆ అర్థంకాని పాఠమే మళ్ళీ చెప్తున్నారేమో కనుక్కోండి. ఒక గంట తగ్గించండి. పాత జవాబు పేపర్లు తీసుకుని ట్యూషన్ సార్‌నే అడగండి: మార్కు పోయింది లెక్క తెలియకా, గుర్తులు తారుమారై పోవడం వల్లా, ప్రశ్న ఇంగ్లిష్ అర్థంకాకా? సెక్షన్ మళ్ళీ ఎప్పుడు మారుస్తారో స్కూలువాళ్ళని కూడా అడగండి. మార్చేదే లేకపోతే అది వాడికి సాయం కాదని వాళ్ళ ముఖం మీదే చెప్పొచ్చు. హోర్డింగుల మీద ర్యాంకుల ఫొటోలు మాత్రం వాడికి చూపించకండి, బెజవాడలో అది కష్టమే అనుకోండి.

ప్రశ్న: టెన్త్ పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తే చిన్నతనంగా అనుకోరా?

జవాబు: నిలబెట్టి చెప్పిస్తే అనుకుంటారు. 7, 8, 12 ఎక్కాలు ఒక చీటీ మీద రాసి, పక్కన పెట్టుకుని లెక్క చేయమనండి. లెక్క ఆగకుండా సాగుతుంది, కొన్నాళ్ళకి వాళ్ళే చీటీ తెచ్చుకోవడం మానేస్తారు.