మాట ఇచ్చిన పని ఈ ఆదివారమే చెయ్యి

అమ్మాయ్, ప్రభువు పేరట వందనాలు.

నువ్వు అడిగిన దానికి ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను. బాప్తిస్మం తీసుకున్నావు, సండే స్కూల్ చూసుకుంటానని సంఘం ముందు మాట ఇచ్చావు. ఇప్పుడేమో డీఎస్సీ ఫలితం ఎటు తిప్పుతుందో, దేవుడు నీ గురించి ఏమనుకున్నాడో తెలిసేదాకా దేనిలోనూ మనసు పెట్టలేకపోతున్నానంటున్నావు. నీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ అన్నీ తెలిశాక మొదలుపెడదామనుకుంటే మొదలుపెట్టడమే ఉండదమ్మా. ఇచ్చిన మాట ఉంది కదా, ఈ ఆదివారానికి అది చాలు. దానికి ఇంకో గుర్తు అడగక్కర్లేదు.

బైబిల్లో రూతునే చూడు. అత్తని విడిచిపోనని మాట ఇచ్చింది, ఇంట్లో గింజల్లేవు, పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. అది తర్వాత తనని పెళ్లి చేసుకునే బోయజు పొలమని ఆమె ఎంచుకుని వెళ్లలేదు. దావీదు రాజు తనకి మునిమనవడవుతాడని కలలో కూడా అనుకుని ఉండదు.

మన స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం సంగతి నీకు తెలుసు. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తాం, నెలాఖరుకి చర్చికి తెస్తాం. కొత్త కోడళ్లకి అదేమంత పనిలా కనిపించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు ఎలా నేలకూలాయో నువ్వూ చూశావు. రోడ్డుకి అడ్డంగా చెట్లు, కరెంటు లేదు, కొట్లు తెరవలేదు. మా వీధిలో పెద్ద గిన్నెలో గంజి కాచి, మన సంఘం వాళ్లకీ కానివాళ్లకీ పోసింది ఆ డబ్బాల్లో బియ్యంతోనే. “దేవుడే పంపాడు” అన్నారు అందరూ. నేనూ అదే అంటాను. ఎప్పటినుంచి పంపుతున్నాడో కూడా చూడు మరి. తుఫాను పేరైనా పుట్టకముందే, దేనికో తెలియకుండానే పూటపూటా గుప్పెడు తీసిన ఆడవాళ్ల చేత పోగు చేయించాడు. ఒక్కరు మానేసినా పెద్ద తేడా ఉండేది కాదేమో. అందరూ అలాగే అనుకుని ఉంటే డబ్బాలు ఖాళీగా ఉండేవి.

ఇంకొకటి. తోట మొత్తం పోయిన మనిషి దగ్గరికి వెళ్లి “అంతా మేలుకే” అనకు. ఆ మాట నిజమే, కానీ అది అతని నోట రావాలి. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే అతన్ని నొప్పించారు.

మన వైపే జరిగిన సంగతి చెప్తాను. లండన్ మిషన్ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో మన శ్రీకాకుళంలోనే చనిపోయారు, మరుసటి ఏడాది డి గ్రాంజెస్ కూడా పోయారు. వాళ్లకి తోడుగా పనిచేసిన ఆనందరాయరు మిగిలాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో 1812లో బెంగాల్‌లోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని ఆ ఇద్దరూ చేత్తో పట్టుకుని చూడనే లేదు. నీ క్లాసుకి ముగ్గురే పిల్లలు వచ్చారని ఏడుపొచ్చిన రోజున వాళ్లని తలుచుకో.

ఇక చెయ్యాల్సింది. “జీవితాంతం చేస్తాను” లాంటి మొక్కుబడి పెట్టుకోకు. వచ్చే ఈస్టర్ దాకా అని పాస్టరుగారికి చెప్పు, అప్పుడు మళ్లీ మాట్లాడుకోండి. పాఠం శుక్రవారం రాత్రికే చదివి పెట్టుకో, ఆదివారం పొద్దున్న హడావుడి పడకు. ఒక్క పిల్లాడొచ్చినా పాఠం మొత్తం చెప్పు. జ్వరమొస్తే ముందురోజే ఎవరికో ఒకరికి కబురు పెట్టు. పరీక్ష సంగతిలో మాత్రం దేవుడు చూసుకుంటాడని ఒక్క చాప్టర్ కూడా వదిలెయ్యకు. అది విశ్వాసం కాదు, బద్ధకం.

పోస్టింగ్ మెళియాపుట్టి పడినా, ఇంకెక్కడ పడినా, సండే స్కూల్ వదిలేస్తున్నానని బాధ పెట్టుకోకు. మీ సంఘంలో ఇంటర్ చదివే ఆ పిల్లని ఇప్పటినుంచే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించు, వెళ్లేటప్పుడు రిజిస్టరు ఆమెకి అప్పజెప్పు. వెళ్లిన చోట మొదటి నెలలోనే ఏదో ఒక సంఘంలో చేరు. ఊరి పేరు తెలియగానే నాకు ఫోన్ చెయ్యి, అక్కడ మనవాళ్లెవరున్నారో కనుక్కుని చెప్తాను.

మీ పెద్దమ్మ